మింగని రంగు

ఆదిలాబాద్‌లో మా అమ్మాయి వాళ్ళ గల్లీలో గేటు గేటుకూ నీలం నీళ్ళ సీసాలు వేలాడుతుంటాయి. కుక్కలు ఆ నీలాన్ని చూసి జడుసుకుని, గేటు దగ్గర కాలెత్తకుండా పోతాయట. ఎవరు కనిపెట్టారో తెలియదు. చిటికెడు నీలిమందు, ఒక పాత కూల్‌డ్రింక్ సీసా, మూరెడు సుతిలి తాడు ఉంటే చాలు. గల్లీ కుక్కలు మాత్రం ఆ సీసాల కిందే హాయిగా పడుకుని ఉంటాయి. అయినా పక్కింటి మరాఠీ ఆవిడ రోజూ పొద్దున్నే తన సీసాను తుడిచి మరీ కడుతుంది.

మొన్న పాల ప్యాకెట్ కోసం బయటికి వచ్చినవాణ్ణి, ఏం తోచిందో, ఒక సీసాను తాడుతో సహా పైకెత్తి ఎండకు అడ్డం పెట్టి చూశాను. గోడ మీద నీలం మరక పడింది. సీసా ఊగితే మరకా ఊగింది.

"బాపూ, పొద్దుపొద్దుగాల గా కుక్కల సీసతోని ఏం పని నీకు?" అని లోపలి నుంచి మా అమ్మాయి అరిచింది.

ఏం పని లేదు. సీసా అట్లా ఎండకు పట్టి చూడడం నేను ఒక మనిషి దగ్గర నేర్చుకున్నాను. ఆ మనిషి పోయి మూడు నెలలైంది. కబురు వచ్చింది, కానీ నేను దినాలకు పోలేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పాను. నొప్పులు నిజమే. కానీ పోకపోవడానికి కారణం అవి కాదు. ఈ వయసులో అబద్ధాలు ఆడే ఓపిక కూడా తగ్గిపోయింది కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తున్నాను.

ఆయన రంగుల మేస్త్రి. మానేరు ఒడ్డున మా ఊళ్ళో మరమగ్గాలకు నూలు అద్దే షెడ్డు ఒకటుండేది. నేను పాఠాలు చెప్పిన హైస్కూలు ప్రహరీ, ఆ షెడ్డు వెనక గోడ ఒకటే. ఊళ్ళో చిన్నాపెద్దా అందరూ ఆయన్ని మేస్త్రి అనే పిలిచేవాళ్ళు. అసలు పేరు రేషన్ కార్డుకే తెలుసు. మోచేతుల దాకా చర్మం ఏ రంగో చెప్పలేనట్టు ఉండేది. గోళ్ళ సందుల్లో ఆ వారం అద్దిన రంగు కనిపించేది. కరచాలనం చేయడానికి నేను చెయ్యి చాపితే, "వద్దు సారూ, మీ చెయ్యి బడికి పోవాలె" అని దండం పెట్టేవాడు.

ఆయన చేతిలో ఎప్పుడూ ఒక చాయ్ గిలాస ఉండేది. చాయ్ కోసం కాదు. కాగులో రంగు మరుగుతుంటే అందులోంచి గిలాసెడు ముంచి, షెడ్డు బయటికొచ్చి, ఎండకు అడ్డం పెట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. అట్లా చూస్తున్నప్పుడు ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. చూశాక తల ఊపితే రంగు కుదిరినట్టు. ఊపకపోతే లోపలికి కేక వేసేవాడు. ట్యూబులైటు కింద రంగు చూడడమంటే ఆయనకు ఒళ్ళు మంట. పొద్దు వాలడం మొదలైతే చాలు, ఎంత అర్జెంటు పని అయినా గిలాస బోర్లించేవాడు. "పొద్దు పసుపెక్కింది. గిప్పుడు చూస్తే అబద్ధం చెప్తది" అనేవాడు.

అలవాటు షెడ్డుతో ఆగలేదు. పెళ్ళి బంతిలో చారు వడ్డిస్తే విస్తట్లో పోయనిచ్చేవాడు కాదు. గిలాసలో పోయించుకుని, కిటికీ వైపు తిరిగి, ఎత్తి చూసి, "చింతపండు నిరుటిది" అనేవాడు. వంటవాడి ముఖం చూస్తే అది నిజమేనని తెలిసిపోయేది. మా ఇంట్లో పాలు పోయని చాయ్ ఇస్తే సగం సాసర్లో పోసి, సగం గిలాసలో ఉంచి నాకు చూపించేవాడు. "చూడుండ్రి సారూ. సాసర్ల పసుపు, గిలాసల ఎరుపు. చాయ్ ఒక్కటే గద. లోతును బట్టి గుణం." నేను బోర్డు నిండా రాసి, నలభై నిమిషాలు గొంతు చించుకున్నా పిల్లలకు ఎక్కని ముక్క అది. కల్లును మాత్రం ఎత్తి చూసేవాడు కాదు. "పాలసోంటి దాన్ని ఎండకు పెడితే ఏం కానొస్తది? అది ఎండను లోపలికే రానియ్యది. దాన్ని తాగుడే, చూసుడు లేదు" అని ఒక్క గుక్కలో ఖాళీ చేసేవాడు.

నేను మొదటిసారి ఆయన దగ్గరకు పోయింది పాఠం కోసమే. మా బడిలో ప్రయోగశాల అంటే ఒక తాళం, ఆ తాళం వెనక ఒక బీరువా, ఆ బీరువాలో మూతుల్లేని సీసాలు. కాంతి పాఠానికి రంగునీళ్ళు కావాల్సి వచ్చి, నాలుగు సీసాలు పట్టుకుని షెడ్డుకు పోయాను.

"ఏం జేస్తరు సారూ, గీ నీళ్ళతోని?" అన్నాడు.

చెప్పాను. ఎండలో ఏడు రంగులుంటాయని, నీలం నీళ్ళలోంచి ఎండ పోయేటప్పుడు ఎరుపు, పసుపులాంటివాటిని నీళ్ళు మింగేస్తాయని, నీలాన్ని మాత్రం మింగకుండా అవతలికి వదిలేస్తాయని, ఆ వదిలేసిందే మన కంట్లో పడుతుందని. ఆయన చేతిలోని గిలాసను మెల్లగా కిందికి దించి, నన్ను అనుమానంగా చూశాడు.

"అంటే నీలం నీళ్ళకు నీలం అక్కెర లేదన్నట్టా?"

"గట్లనే అనుకో మేస్త్రీ."

"మింగక ఇడిచిపెట్టిందే మనకు కానొస్తదా?"

"అవ్."

"అంటే గిన్నేండ్ల సంది నేను ఎంగిలి అమ్ముతున్ననా సారూ?"

షెడ్డంతా ఘొల్లుమంది. నూలు చిలపలు పిండుతున్నవాళ్ళు పిండడం ఆపి నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మూలన తరాజు ముందు కూచున్న రాజవ్వ. ఆయన కూడా నవ్వాడు కానీ, నేను సీసాలు నింపుకుని పోతుంటే గేటు దాకా వచ్చి అడిగాడు.

"మింగింది ఎటు పోతది మరి?"

"యాడికి పోదు. లోపల్నే వేడయితది."

"కానరాదు గని ఉంటది" అన్నాడు తనకు తాను చెప్పుకున్నట్టు. ఆ తర్వాత ఎప్పుడు నేను షెడ్డుకు పోయినా, "సారొచ్చిండు, ఎంగిలి పొయ్యుండ్రి" అని కేకేసేవాడు. ఏటా కాంతి పాఠానికి నా సీసాలు అక్కడే నిండేవి.

రాజవ్వ గురించి చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా ఆ షెడ్డులో రంగు పొడి తూచేది ఆమె. ఆయనకు బంధువు కాకపోయినా మామా అని పిలిచేది. ఆయన గిలాస చూసి "నీలం మూడు తులాలు" అని కేకేస్తే, ఆమె తరాజులో తూచి, నీళ్ళలో కలిపి, కాగులో పోసేది. ఆయన మళ్ళీ ముంచేవాడు, మళ్ళీ చూసేవాడు. "ఇంకో అర్ధ తులం." ఆమె మళ్ళీ తూచేది. ఒకరు చూపు, ఒకరు చెయ్యి. షెడ్డు సేటు నమూనాకని గుడ్డముక్క పంపిస్తే ఆయన దాన్ని ఒక్కసారి చూసి జేబులో వేసుకునేవాడు. మళ్ళీ తీసేవాడు కాదు. "రంగు నా కంట్ల ఉంటది, జేబుల కాదు" అనేవాడు. ఆ మాటలో గర్వం ఉండేది. ఆ గర్వానికి తగిన పనితనం కూడా ఉండేది కాబట్టి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

ఒకరోజు బడి ఇంటర్వెల్‌లో రాజవ్వ ప్రహరీ పక్కకు వచ్చి నన్ను పిలిచింది. కొంగు ముడి విప్పి రెండు దారప్పోగులు తీసింది. ఒకటి లేత ఆకాశం రంగు. ఇంకొకటి ముదురు, సిరా రంగుకు దగ్గర.

"సార్, గీ రెండిట్ల తేడా మీకు కానొస్తుందా?"

"గుడ్డోనికి సుత కానొస్తది" అన్నాను.

ఆమె ముఖం చూశాక ఆ మాట అనకుండా ఉండాల్సిందని తెలిసింది.

"మామకు కానొస్తలేదు సార్" అంది.

రెండేళ్ళుగా ఇదే వరస అని చెప్పింది. మిగతా రంగులు బాగానే చూస్తున్నాడు. నీలం దగ్గరే తప్పుతున్నాడు. గిలాస ఎత్తి, కుదరలేదు, ఇంకింత వెయ్ అంటాడు. వేస్తే ముదిరిపోతుంది. అందుకని ఆయన మూడు తులాలంటే ఆమె రెండే తూచడం మొదలుపెట్టింది. ఇంకో అర్ధ తులమంటే ఖాళీ చెంచాను కాగు మీద దులిపి, "వేసిన మామా" అంటుంది. ఆయన మళ్ళీ గిలాస ముంచి, చూసి, "ఆఁ, గిప్పుడు కుదిరింది" అంటాడు. చెప్తూ చెప్తూ ఆమె నవ్వింది. కండ్లలో నీళ్ళు కూడా ఉన్నాయి. "ఉత్త చెంచ దులిపిన సార్. కుదిరిందన్నడు."

నాకు వెంటనే అర్థమైంది. అర్థం కావడం నా ఉద్యోగం కదా. మోతిబిందు, అదే కంటి శుక్లం, ముదిరితే కంట్లో పొర పసుపెక్కుతుంది. పసుపు పొర నీలాన్ని మింగుతుంది. బయట ఎంత నీలం ఉన్నా లోపలికి చేరేది కొంచెమే. ఆయన గిలాసలోని నీళ్ళను చూస్తున్నాననుకుంటున్నాడు. మధ్యలో ఇంకో గిలాస, పసుపు నీళ్ళది, ఆయన కంట్లోనే ఉంది.

"ఆపరేషన్ చేస్తే పోతది రాజవ్వా. ఆయనకు చెప్దాం."

"వద్దు సార్" అంది గట్టిగా. "మొన్ననే సేటు అంటుండు, కంప్యూటర్ల రంగు చూసే మిషిని తెస్తనని. మేస్త్రికి కండ్లు పోయినయని ఒక్క మాట చెవుల పడ్డదో, రేపే పంపిస్తడు. గీ పని లేకుంటే మామ బతకడు. ఎవలికి చెప్పనని నా మీద ఒట్టు పెట్టుండ్రి."

ఒట్టు పెట్టాను. ఆయన్ని పక్కకు పిలిచి, ఇంకో సాకు చెప్పి, కరీంనగర్ కంటి దవాఖానకు తీసుకుపోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడుగుతుంటాను, ఇప్పటికీ. అప్పుడు మాత్రం గంట కొట్టారు, తొమ్మిదో తరగతికి పోయాను. రేపు చూద్దాం అనుకున్నాను. అట్లా రేపటి మీద రేపు పెట్టుకుంటూ పోయాను.

తర్వాత సంవత్సరం కాంతి పాఠం వచ్చింది. మామూలుగానే సీసాలు పట్టుకుని షెడ్డుకు పోయాను. గేటు దగ్గరే కేక వినిపించింది. ఆయన అట్లా అరవడం అంతకుముందు వినలేదు. లోపల పనివాళ్ళు ఎనిమిదిమంది గోడకు ఆనుకుని నిలబడ్డారు. తరాజు కింద చెక్కను పక్కకు లాగేశారు. ఆయన చేతిలో ఒక డాల్డా డబ్బా. డబ్బా నిండా నీలం పొడి.

రాజవ్వ తూచకుండా మిగిల్చిన పొడి అది. అమ్ముకోలేదు, పారబోయలేదు. తిరిగి మూటలో పోస్తే లెక్క మిగిలి విషయం బయటపడుతుందని అట్లా డబ్బాలో దాస్తూ వచ్చింది.

"రెండు మూడేండ్ల సంది నా కాగుల పడాల్సిన పొడి ఇది! ఎవనికి అమ్ముతున్నవ్? చెప్పు!"

రాజవ్వ తల వంచుకుంది.

"నా కూతురసోంటిదని నమ్మితి. దొంగదాన్ని పక్కకు వెట్టుకున్ననా గిన్నేండ్లు?"

అప్పుడు ఆమె తల ఎత్తింది. ఆయన వైపు కాదు. గేటు దగ్గర ఖాళీ సీసాలతో నిలబడ్డ నా వైపు చూసింది. చెప్పొద్దు అన్నట్టు తల చిన్నగా అడ్డంగా ఊపింది. నేను చెప్పలేదు. ఆమె కొంగు దులుపుకుని, చెప్పులు వేసుకుని, నా పక్కనుంచే బయటికి పోయింది.

అమ్ముకునేది అయితే ఆ పొడి ఇంకా డబ్బాలో ఎందుకుంది? ఈ ఒక్క ప్రశ్న అక్కడున్న ఎవరికీ తట్టలేదు. తట్టిన నేను అడగలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానని చెప్పుకోవచ్చు. నిజం ఏమిటంటే, ఆ కేకల మధ్యలో తలదూర్చడానికి నాకు భయం వేసింది. సార్‌గారికి ఆడమనిషి గొడవలో ఏం పని అంటారని భయం. ఆ రోజు సీసాలు ఖాళీగానే వెనక్కి తెచ్చాను. పాఠం బొమ్మలు గీసి చెప్పాను.

రాజవ్వ బీడీలు చుట్టడానికి కుదిరింది. అక్కడ కూడా తంబాకు తూకం చూసి ఇచ్చేటప్పుడు, "జర చూసుకోండ్రి, ఆమె చెయ్యి మంచిది కాదు" అని ఎవరో అన్నారట. ఆ మాట నా చెవిన పడింది. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు. తెల్లారి మామూలే.

రెండు నెలలు షెడ్డులో ముదురు రంగుల పనే నడిచింది. ఆ తర్వాత బడి పిల్లల యూనిఫాం గుడ్డకు లేత నీలం నూలు పని వచ్చింది. ఈసారి ఆయనే తూచాడు, ఆయనే పోశాడు, ఆయనే గిలాస ఎత్తి చూశాడు. ఆరిన చిలపలు చూసి సేటు నెత్తి పట్టుకున్నాడు. ఆకాశం రంగు కావాల్సిన నూలు సిరాబుడ్డిలో ముంచినట్టు ఉంది. సేటు నమూనా ముక్కను చిలప పక్కన పెట్టి చూపించాడట. "సరిగనే ఉన్నది గద" అన్నాడట మేస్త్రి. పనివాళ్ళు ముఖాలు తిప్పుకుని నవ్వారట.

ఆ మధ్యాహ్నం ఆయన నా ఇంటికి వచ్చాడు. ఒక చేతిలో గిలాస, రంగునీళ్ళు ఒలకకుండా మూతి మీద అరచెయ్యి. గేటు నుంచి అరుగు దాకా చుక్కలు పడుతూనే వచ్చాయి. ఆయన అంత నీరసంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

"సారూ, మీరు చదువుకున్నోళ్ళు. మీరు అబద్ధం ఆడరు. గిది లేత నీలం కాదా?"

గిలాస తీసుకుని ఎండకు పెట్టాను. పెట్టాల్సిన అవసరం లేదు, అయినా పెట్టాను. గిలాసలోంచి వెలుగు కూడా సరిగ్గా రావడం లేదు.

"కాదు మేస్త్రీ."

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. నేను లోపలికి పోయి, నిరుటి పాఠానికి ఆయన దగ్గరే నింపుకుని, ఇంట్లో మూలన పెట్టి మరిచిపోయిన సీసాలు వెతికి తెచ్చాను. నీలం సీసా ఒకటి, పసుపు సీసా ఒకటి. ముందు నీలం సీసా ఒక్కటే ఎండకు పెట్టి గోడ మీద పడ్డ నీలాన్ని చూపించాను. తర్వాత దాని ముందు పసుపు సీసా పెట్టాను. గోడ మీది నీలం చచ్చిపోయి, ఏదో పాచిపట్టిన ఆకుపచ్చ మిగిలింది.

"నీలం ఎటు వోయింది?" అని అడిగాను, తరగతిలో పిల్లల్ని అడిగినట్టు.

"పసుపు మింగింది" అన్నాడు.

"ఆ పసుపు సీస నీ కంట్ల ఉన్నది మేస్త్రీ. మోతిబిందు."

మా ఆవిడ చాయ్ తెచ్చి పెట్టింది. ఆయన దాన్ని ఎండకు ఎత్తి చూడలేదు. గోడ మీద ఆ పాచిరంగునే చూస్తూ అడిగాడు.

"ఎన్నొద్దుల సంది ఉంటది గిది?"

"మూడేండ్లయితుండొచ్చు."

ఆయన పెదవులు కదిలాయి. ఏదో తూకం వేసుకుంటున్నట్టు వేళ్ళు కదిలాయి. నేను దేనికి భయపడ్డానో ఆ ప్రశ్న అప్పుడు వచ్చింది.

"మరి మూడేండ్లు లేత నీలాలు ఎట్ల కుదిరినయ్ సారూ?"

జవాబు నేను చెప్పే పని పడలేదు. ఆయన చూపు గోడ మీంచి నా ముఖం మీదికి వచ్చింది, అక్కడ ఆగింది, మళ్ళీ నేల మీదికి పోయింది. "రాజవ్వ" అన్నాడు. పిలుపు కాదు అది. గిలాస అక్కడే వదిలేసి లేచిపోయాడు. అది చాలా రోజులు మా అరుగు మీదే ఉంది.

ముందు ఒక కంటి ఆపరేషన్‌కు నేనే కరీంనగర్ తీసుకుపోయాను. ఆ పాటి పని ఏళ్ళ కిందటే చేయాల్సింది. మరునాడు కట్టు విప్పగానే ఆయన అన్న మొదటి మాట, "గోడకు నీలిమందు ఎక్కువేసిర్రేంది సారూ?" అది మామూలు తెల్ల సున్నం గోడ. మూడేళ్ళుగా అందని నీలమంతా ఒక్కసారి వచ్చిపడితే లోకం అట్లాగే కనిపిస్తుందని డాక్టరు చెప్పాడు. ఆయన ఒక కన్ను మూసి చూశాడు. ఆ కన్ను తెరిచి ఇంకోటి మూసి చూశాడు. "గీ కన్ను ఒకటి చెప్తుంది, గా కన్ను ఒకటి చెప్తుంది" అన్నాడు. నెల రోజులయ్యాక రెండో కంటికి చేస్తామంటే ఒప్పుకోలేదు. "ఉండనీ, యాదికి ఉండనీ" అన్నాడు. చచ్చేదాకా ఆ కన్ను అట్లాగే ఉంచుకున్నాడు. పచ్చి మూర్ఖత్వం. చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది.

కట్టు విప్పిన రోజే, దవాఖాన నుంచి వచ్చి బస్సు దిగగానే, ఇంటికి పోకుండా రాజవ్వ ఇంటికి పోదాం అన్నాడు. పోయాం. ఆమె చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. మమ్మల్ని చూసి లేవబోయింది. ఆయన వద్దని చెయ్యి ఊపి, ఎదురుగా నేల మీద కూచున్నాడు. క్షమించమని అనలేదు. అనడం ఆయనకు రాదు.

"ఎందుకు చెప్పలే బిడ్డా?" అన్నాడు.

ఆమె బీడీ చుట్టడం ఆపలేదు. "చెప్తే నీ పని పోతుండె. నీ పని పోతే నా పని సుత పోతుండె. చెప్పకుంటే ఒక్కరిదే పోయింది మామా" అంది. ఆ తర్వాత నెమ్మదిగా, "పని పోతే పోయింది. పేరు సుత పోతదని అనుకోలే" అంది.

రేపటి నుంచి షెడ్డుకు రమ్మన్నాడు. రానంది. "నీకు కండ్లొచ్చినయ్ గద, నువ్వే చూసుకో. నా వేళ్ళు గీ ఆకుకు అలవాటైనయ్." కోపంగా అనలేదు. అలిసిపోయిన మనిషి మూట దించినట్టు అంది. ఆయన ఇంకా కాసేపు కూచున్నాడు. ఆమె చాయ్ ఇచ్చింది. ఎత్తి చూడకుండానే తాగాడు.

తర్వాత మూడు నెలలు ఆయన చేసిన పని గురించి ఊళ్ళో చాలామంది నవ్వారు. మేస్త్రికి కండ్లు వచ్చి మతి పోయింది అన్నారు. ఆయన ఏం చేశాడంటే, ఆ రోజు షెడ్డులో రాజవ్వను దొంగ అన్నప్పుడు అక్కడున్నది ఎవరెవరో వేళ్ళ మీద పెట్టుకుని, ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ పోయాడు. పోయి, ఎదురుగా నిలబడి, "ఆనాడు నేనన్నది తప్పు. రాజవ్వ దొంగ కాదు. నా కండ్లు దొంగయి" అని చెప్పేవాడు. చెప్పి, వేలు ముడుచుకుని వచ్చేసేవాడు. చాయ్ కూడా తాగేవాడు కాదు.

ఐదుగురు ఊళ్ళోనే దొరికారు. ఒకాయన మంథని దగ్గర అత్తగారింట్లో ఎవుసం చేస్తున్నాడంటే బస్సెక్కి పోయాడు. పొలంలో నాట్లు పడుతున్నాయట. గట్టు మీద నిలబడి చెప్పి, అదే బస్సుకు తిరిగొచ్చాడు. ఒకడు శ్రీరాంపూర్‌లో బావమరిది ఇంట్లో ఉన్నాడంటే అక్కడికీ పోయాడు. ఒకడు దుబాయి పోయాడు. వాడికి నా ఫోన్ నుంచి వీడియో కాల్ చేయించాడు. వాడికి ఆ రోజు సంగతే యాదికి లేదు. "ఏ లొల్లి మేస్త్రీ?" అన్నాడు పాపం. "యాదికి తెచ్చుకోరా, యాదికి తెచ్చుకుని మరీ ఇను" అని, వాడికి గుర్తొచ్చేదాకా చెప్పి, గుర్తొచ్చాక ఆ మాట అన్నాకే ఫోన్ పెట్టాడు. ఆనాడు షెడ్డులో లేని ఊరివాళ్ళకు కూడా చెప్పమని నేను సలహా ఇస్తే ఒప్పుకోలేదు. "ఇన్నోళ్ళకే చెప్పాలె. ఇననోళ్ళ కాడ ఆమె పేరు నేను పోగొట్టలే గద" అన్నాడు.

ఒకరోజు పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. అప్పటికి సేటు మిషన్ తెచ్చేశాడు, ఆయన షెడ్డు మానేశాడు. చేతుల మీద రంగు కొంచెం వెలిసింది. మా ఆవిడ కుర్చీ వేసింది. కూచోలేదు. నా ఎదురుగా నిలబడ్డాడు, చేతులు కట్టుకుని, కొత్తవాళ్ళింటికి వచ్చినట్టు.

"సారూ, ఆనాడు షెడ్డు గేటు కాడ మీరు సుత ఉన్నరు. రాజవ్వ దొంగ కాదు."

నాకు నవ్వొచ్చింది. "గది నాకు తెలుసు గద మేస్త్రీ" అన్నాను.

"తెలుసు" అన్నాడు. ఆపరేషన్ అయిన కన్నుతో నన్ను చూశాడు. రెండోది మూసుకున్నాడు, గిలాసను చూసేటప్పుడు మూసుకున్నట్టు. "తెలిసి సుత ఊకున్నరు. అందుకే మీకు ఆఖర్ల చెప్తున్న."

చెప్పి, మిగిలిన ఒక్క వేలూ ముడిచాడు. మా ఆవిడ చాయ్ తెచ్చేలోపు గేటు దాటి పోయాడు.